కంపెనీ బట్టలు

“ఈమె ఏం పని చేస్తుంది?” అని డాక్టరు అడిగాడు.

“ఏం చెయ్యది సార్. ఇంట్లనే ఉంటది,” అన్నాడు జ్ఞానదాసు.

ఆయన భార్య యేసమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఊపిరందక వచ్చిన మనిషి కాబట్టి మాట్లాడే ఓపిక లేదు. ఓపికున్నా మాట్లాడి ఉండేది కాదు. ఆ పొద్దున లేచి నల్లా నీళ్ళు పట్టింది. ఎయిర్‌పోర్టులో పనిచేసే కోడలు సునీలకు షిఫ్టు బస్సు టైముకి టిఫిన్ డబ్బా కట్టింది. కార్గోలో పనిచేసే కొడుకు బ్లెసన్‌కి రొట్టెలు కాల్చింది. మధ్యమధ్యలో గోడ పట్టుకుని దగ్గింది. దగ్గు ఆగాక బోళ్ళు తోమింది. ఇవన్నీ అయ్యాకే దవాఖానకు బయలుదేరింది. ఏం చెయ్యదు అన్న మాట విన్నప్పుడు ఆమెకు కోపం కూడా రాలేదు. ఇంట్లో అందరూ అనే మాటే. ఆమె కూడా ఎవరైనా అడిగితే అదే చెప్పేది.

డాక్టరు ఆ మాటే రాసుకున్నాడు. టీబీ అన్నాడు. ఛాతీలో కుడిపక్క నీరు చేరితే సూది పెట్టి తీశారు. నెలల తరబడి టీబీ మాత్రలు మింగింది. మాత్రలకి మూత్రం ఎర్రగా మారింది, అన్నం సయించలేదు, నీరు మాత్రం మళ్ళీ చేరింది. అప్పుడు సిటీలో పెద్ద దవాఖానకు పంపారు. అక్కడ ఛాతీ లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకి పంపించి, ఫలితం వచ్చిన రోజున ఒక లేడీ డాక్టరు ఇద్దరినీ లోపలికి పిలిచింది. ఆమె ఏం పని చేస్తుందని అడగలేదు. వేరే సంగతి అడిగింది.

“మీ ఇంట్లో ఎవరైనా సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేశారా?”

“నేనే మేడం,” అన్నాడు జ్ఞానదాసు. “మైలార్‌దేవ్‌పల్లిల ఉన్నప్పుడు. బందైందాక అండ్లనే చేసిన. కానీ నేను మంచిగనే ఉన్న గద.”

“మీ డ్యూటీ బట్టలు ఎవరు ఉతికేవాళ్ళు?”

జ్ఞానదాసుకు నవ్వొచ్చింది. “ఇంకెవరు మేడం, ఇంట్ల ఆడమనిషి ఉండంగ!”

డాక్టరు నవ్వలేదు. మెల్లగా విడమర్చి చెప్పింది. సిమెంటు రేకుల్లో కలిపేది రాతినార. రాతిలో నుంచి తీసే నార. దాని పోగులు కంటికి కూడా కనిపించవు. ఊపిరితో లోపలికి పోయి, ఊపిరితిత్తుల మీదుండే పొరలో దిగబడతాయి. కరగవు, బయటికి రావు. ఏళ్ళకేళ్ళు ఊరికే ఉండి, మనిషి పెద్దవయసుకు వచ్చాక క్యాన్సరుగా లేస్తాయి. పనిచేసినవాళ్ళకే రావాలని లేదు, ఆ బట్టలు దులిపినవాళ్ళకీ వస్తుంది. దాని పేరు మీసోథీలియోమా. ఇది అంటుకునేది కాదు. పూర్తిగా నయమయ్యేదీ కాదు. మందులతో కొంత కాలం సంపాదించుకోవచ్చు.

“బట్టలుతికితె క్యాన్సరా?” అన్నాడు జ్ఞానదాసు. “గట్లయితే దేశంల ఆడోళ్ళందరికీ రావాలె గద మేడం.”

“అందరూ రాతినార ఉతకరు కదండీ.”

ఇద్దరూ తుక్కుగూడలోని ఇంటికి బస్సెక్కారు. ఔటర్ రింగు రోడ్డు దాటాక ఆయన ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. “ఏంది, మీసాల జబ్బా అది? మీసాలేమో నాకున్నయి, జబ్బేమో నీకొచ్చె,” అన్నాడు. యేసమ్మకు నవ్వొచ్చి దగ్గొచ్చింది. ఆ మాట అన్నాక ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఆమె ఎప్పుడో తన సంగతి తాను చూసుకుని ఉండేది.

జబ్బు పేరు ఊళ్ళో తెలిసిన కొన్నాళ్ళకు పాత యూనియన్ లీడరు రవీందర్ బండి మీద వచ్చాడు. కంపెనీవాళ్ళు పాత కార్మికులతో రాజీ చేసుకుంటున్నారట. ఎక్స్‌రేలో మచ్చలున్నవాళ్ళకు పరిహారం ఇస్తారు, కోర్టుకు పోబోమని కాగితం రాయించుకుంటారు. జ్ఞానదాసు కూడా ఛాతీ ఎక్స్‌రే ఫోటో తీయించుకున్నాడు. ఊపిరితిత్తుల పొర మీద మచ్చలున్నాయి. క్యాన్సరు లేదు.

“నీకు పక్కా వస్తది తమ్మీ,” అన్నాడు రవీందర్. “సంతకాలు శంషాబాద్‌ల ఫంక్షన్ హాల్ల పెట్టిండ్రు. నువ్వు, యేసమ్మ ఇద్దరు రావాలె. భార్య సంతకం గూడ గావాలట.”

“యేసమ్మకు?” అని అడిగాడు జ్ఞానదాసు.

“ఆమె కార్మికురాలు గాదు గద.”

చాయ్ గ్లాసులు తీసుకెళ్తున్న సునీల గుమ్మంలో ఆగింది. “మామా, ఒక సంగతి అడగాలె,” అంది. “మా ఎయిర్‌పోర్టుల మా యూనిఫారాలు కంపెనోళ్ళే ఉతికిస్తరు. ఇంటికే తేనియ్యరు. మీ ఫ్యాక్టరీల ఎందుకు తేనిచ్చిండ్రు?”

ఈ ప్రశ్న యూనియన్ మీటింగుల్లో ఎన్నడూ రాలేదు. బోనస్ గురించి మాట్లాడారు, ఓవర్‌టైం గురించి మాట్లాడారు, క్యాంటీన్ పప్పులో నీళ్ళెక్కువని సమ్మె దాకా పోయారు. బట్టలు ఎవరుతకాలనేది అడగాల్సిన సంగతని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఉతికేవాళ్ళు ఇంట్లో ఉన్నారు.

సునీల తన యూనియన్ తరఫున కేసులు చూసే లాయరు శ్రీలతను పిలిపించింది. ఆమె గుంటూరు వైపు మనిషి. స్కూటీ దిగి, లోపలికొచ్చి కూర్చుని, రవీందర్ ఇచ్చిపోయిన రాజీ కాగితం నకలు చదివి తలెత్తింది.

“జ్ఞానదాసుగారూ, ఇక్కడ ఏముందో విన్నారా? ‘నేను గాని, నా భార్యాపిల్లలు గాని, వారసులు గాని ఈ విషయమై ఇకమీదట కంపెనీ మీద ఎటువంటి దావా వేయము.’ దీని మీద ఆవిడ సంతకం పెడితే ఆవిడ జబ్బుకి ఇక అడిగే దారి ఉండదు.”

“ఎట్లాగూ ఆమెకు రాదంట గద మేడం.”

“కార్మికుల పరిహారం చట్టం కింద రాదు. ఆవిడ ఉద్యోగి కాదు కాబట్టి. వేరేగా సివిల్ కోర్టులో దావా వేయాలి. రాతినారతో పనిచేసేవాళ్ళ బట్టలు ఫ్యాక్టరీలోనే మార్పించాలి, ఫ్యాక్టరీయే ఉతికించాలి. ఇంటికి పంపకూడదు. వాళ్ళు చేయాల్సిన పనిని ఈవిడ చేశారు. మన వాదన అదే. గెలుస్తామని మాట ఇవ్వను. ఆలస్యం కూడా అవుతుంది. అందుకని ముందు ఆవిడ సాక్ష్యం రికార్డు చేయించాలి.”

సాక్ష్యం అన్న మాట వినగానే యేసమ్మ తల నిమురుకుని కొంగు సర్దుకుంది. ఆమెకు తెలిసిన మాటే. ప్రతి ఆదివారం చర్చిలో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. యేసమ్మ చెబితే ఆడవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకుంటారని పేరు. “రేపు రాండ్రి మేడం, మంచిగ చెప్త,” అంది.

మర్నాడు తలంటుకుని, తెల్లచీర కట్టి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. శ్రీలత ఫోన్‌లో రికార్డు నొక్కింది. ఇది కోర్టుకు కాదని, ముందు తను విని రాసుకోవడానికని చెప్పింది. యేసమ్మ కళ్ళు మూసుకుంది.

“దేవుని నామానికి మహిమ. ఏమీ లేని మా కుటుంబానికి ఆ కంపెనీల కొలువు చూపించినందుకు దేవునికి స్తోత్రం. మా ఆయన రాత్రనక పగలనక కష్టపడ్డడు. ఆ కంపెనీ బువ్వ తిన్నం, పిల్లగాన్ని చదివించుకున్నం, ఈ ఇల్లు కట్టుకున్నం. క్రిస్మసుకు స్వీటు డబ్బ ఇచ్చేది కంపెనీ. ఇయ్యాల నాకు జబ్బొచ్చింది. నాకు ఎవ్వరి మీద కోపం లేదు. అందరినీ క్షమించిన. ఆమెన్.”

“ఆమెన్,” అన్నాడు గుమ్మం దగ్గర జ్ఞానదాసు.

శ్రీలత రికార్డు ఆపింది. “చాలా బాగా చెప్పారమ్మా,” అంది. “ఇది కోర్టులో వినిపిస్తే కంపెనీ లాయరు లేచి నిలబడాల్సిన పని కూడా ఉండదు. మన కేసు మనమే కొట్టేయించుకుంటాం. ఒకసారి వినండి.”

ఫోన్‌లో తన గొంతు విన్నది యేసమ్మ. అందులో దేవుడున్నాడు. మా ఆయన ఉన్నాడు. కంపెనీ ఉంది, స్వీటు డబ్బా కూడా ఉంది. యేసమ్మ మాత్రం చివర్లో జబ్బు వచ్చినప్పుడు వచ్చింది, క్షమించి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు చర్చిలో చెప్పిన సాక్ష్యాలన్నీ ఇలాంటివేనా? కొడుకు జ్వరం తగ్గిందని చెప్పింది, మగనికి పర్మనెంటైందని చెప్పింది, అత్త ప్రశాంతంగా పోయిందని చెప్పింది. ఆ జ్వరానికి రాత్రిళ్ళు తడిబట్ట వేసిందెవరో, ఆ అత్తకు మంచంలో అన్నీ ఎత్తిపోసిందెవరో ఎన్నడూ చెప్పలేదు. అది చెప్పుకుంటే గర్వం అంటారు. గర్వం పాపం.

“అది తుడిపెయ్యుండ్రి మేడం,” అంది. “మళ్ళ చెప్త.” ఒళ్ళో బైబిలు తీసి పక్కనున్న కుర్చీలో జాగ్రత్తగా పెట్టింది. “ఏం చెప్పాలె?”

“బట్టలు ఎలా ఉతికేవారో చెప్పండి. అంతే.”

బట్టలు ఎలా ఉతికేవారు అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మొదట్లో మాటలు తడబడ్డాయి, తర్వాత చేతులు మాట్లాడటం మొదలుపెట్టాయి. మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయి గది, ముందర అంత వాకిలి, వాకిట్లో ఒక బండ. ఆయనది సంచులు కోసి మిల్లులో పోసే పని. ఆ సంచుల్లో ఉండే రాతినారను ఫ్యాక్టరీలో దూది అనేవాళ్ళు. దూదంటే ఎవరికి భయం? డ్యూటీ దిగి వచ్చేసరికి మనిషి తల నుంచి కాళ్ళ దాకా పిండిమరలో నుంచి వచ్చినట్టుండేవాడు. వాకిట్లోనే చొక్కా, ప్యాంటు విప్పి ఆమె చేతికిచ్చి నీళ్ళు పోసుకునేవాడు. కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు ఆ బట్టలు నేరుగా బకెట్లో ముంచింది. తెల్లారేసరికి చొక్కా చేతులు బిగుసుకుపోయాయి. అత్త చూసి, “ఓసి పిచ్చిదానా, సిమెంటు తడిస్తె రేకు లెక్క అయితదే! నీళ్ళల్ల ముంచుడు గాదు, ముందుగాల దులుపు. మంచిగ దులిపినంకనే నీళ్ళు,” అని చేసి చూపించింది. గోడకేసి కొట్టాలి. జేబులు తిరగేసి ఊదాలి. కుట్ల దగ్గర గోటితో గీకాలి. దుమ్ము లేచి ఎండలో మెరిసేది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళంతా అట్లాగే దులిపేవాళ్ళు. ఎవరు బాగా దులిపితే వాళ్ళ మగని బట్టలు మెత్తగా ఉండేవి. యేసమ్మ దులిపినట్టు ఎవరూ దులపరని అత్త పదిమందిలో చెప్పింది. అత్త నోట ఆమె విన్న ఒకే ఒక మెప్పు అది.

“తడిపి ఉతికితే దుమ్ము లేచేది కాదు,” అంది శ్రీలత నెమ్మదిగా.

“తడిపితె బట్ట ఖరాబైతది గద మేడం.”

“అప్పుడు మీ బాబు ఎక్కడుండేవాడు?”

“చంకల,” అంది యేసమ్మ. “కింద దించితే ఏడ్చేటోడు.”

ఆ మాట అన్నాక ఆమె లోపలి గది వైపు చూసింది. శ్రీలత రికార్డు ఆపింది. లోపలి గదిలో బ్లెసన్ బూట్లు వేసుకుంటున్న చప్పుడు ఆగింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద మాటలు జరిగాయి. అరుపులేమీ లేవు. జ్ఞానదాసు మంచమ్మీద కూర్చుని బతిమాలుతున్నట్టే మాట్లాడాడు. “జర ఇను. నాకొచ్చినా నీకొచ్చినా ఒకటే గద. పైసలు ఇంట్లకే గద వచ్చేది. నీ మందులకే వెడదం. నీ కేసు ఎన్నడు తేలాలె? ఇయ్యాల చేతికొచ్చేదాన్ని కాలదన్నుకుంటరా?”

“బాపు చెప్పేది గూడ నిజమేనే అమ్మా,” అన్నాడు బ్లెసన్. “కోర్టుల తేలేసరికి నువ్వు...”

“ఉండను. చెప్పు, ఏం గాదు.”

బ్లెసన్ తల దించుకున్నాడు. సునీల కూరగాయలు తరగడం ఆపింది.

ఒకటే గద, అన్నాడు ఆయన. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. జీతం ఆయనది, ఇల్లు ఇద్దరిది. మచ్చలు ఆయనవి, పరిహారం ఇద్దరిది. ఈ లెక్కలో ఎక్కడా ఆయన మోసం లేదు. కానీ రాత్రి ఊపిరందక లేచి కూర్చునేది ఇద్దరు కాదు. సూది పెట్టి నీరు తీసేటప్పుడు బల్ల అంచు పట్టుకునేది ఇద్దరు కాదు. పోయేది ఒక్కతే. అందరం ఒకటే అని ఎవరన్నా అంటే, ఆ ఒకటి ఎవరన్నది ఇన్నేళ్ళలో తను అడగనే లేదని యేసమ్మకు అనిపించింది. ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే. ఆయనకు ఆకలైతే ఇంటికి ఆకలి, ఆయనకు నిద్రొస్తే ఇంట్లో దీపం ఆరేది.

“ఆ కాయితంల పిల్లలని గూడ రాసుంది,” అంది ఆమె. “బ్లెసనూ, నువ్వు గూడ ఛాతి ఫోటో తీయించుకో. భయపడకు. ఊరికే చూపించుకో.”

ఆ తర్వాత బ్లెసన్ తండ్రి వైపు మాట్లాడలేదు. జ్ఞానదాసు ఒక్కడే మిగిలాడు. “నువ్వు రా. హాల్ల చూద్దం,” అన్నాడు.

“వస్త,” అంది.

ఫంక్షన్ హాలు శంషాబాద్ మెయిన్ రోడ్డు మీదుంది. ముందురోజు ఏదో పెళ్ళి అయినట్టుంది, గుమ్మానికి బంతిపూలు వాడిపోయి వేలాడుతున్నాయి. వెనక వంటశాలలో కంపెనీవాళ్ళు బిర్యానీ చేయిస్తున్నారు. పాత కార్మికులు ఒకరినొకరు గుర్తుపట్టి భుజాలు చరుచుకుంటున్నారు. కొందరు చరిచిన దెబ్బకే దగ్గుతున్నారు. భార్యలు గోడవారన కుర్చీల్లో కూర్చున్నారు. యేసమ్మను చూసి ఈరమ్మ లేచి వచ్చింది. మైలార్‌దేవ్‌పల్లిలో పక్కగది ఆమె. ఆమె మగడు యాదయ్య లైనులో వెనకున్నాడు.

“గింత బక్కగైనవేంది యేసమ్మా?”

“దూది పట్టింది,” అంది యేసమ్మ. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఈరమ్మ ఆమె ముఖం వంక పరీక్షగా చూసింది.

బల్ల దగ్గర కంపెనీ అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. జ్ఞానదాసు పేరు పిలిచాడు. ఆయన వచ్చి, అతను చూపించిన చోట సంతకం చేశాడు. అధికారి కాగితం తిప్పి, “అమ్మా, మీరు ఇక్కడ,” అన్నాడు.

“జర చదివి ఇనిపియ్యుండ్రి.”

అతను గబగబా చదివాడు. భార్యాపిల్లలు అన్న చోట ఆమె చెయ్యెత్తింది. “గా ముక్క కొట్టెయ్యుండ్రి.”

“అది తీసేస్తే ఒప్పందమే ఉండదమ్మా.”

“సార్,” అన్నాడు జ్ఞానదాసు, “ఈమె సంతకం లేకుంటె నాది చెల్లదా?”

“చెల్లదండీ.”

తన సంతకం లేకపోతే ఆగిపోయే పని కూడా ఈ లోకంలో ఒకటుందని యేసమ్మకు ఆ క్షణంలోనే తెలిసింది. ఆమె పెన్ను తీసుకోలేదు. కొంగు భుజం మీదికి లాక్కుంది.

“నాకు క్యాన్సరొచ్చింది సారూ. మీ కంపెనీ దుమ్ముతోని వచ్చింది. నేను వేరే కేసేస్తున్న. గందుకే సంతకం పెట్ట.”

అధికారి గొంతు తగ్గించాడు. “బాధగా ఉందమ్మా. కానీ మీరు మా ఉద్యోగి కాదు. మా దగ్గర ఎప్పుడూ పని చేయలేదు కదా.”

“చేసిన.”

“ఎక్కడ?”

“మా వాకిట్ల.”

లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. యేసమ్మ అటు చూడలేదు. “కంపెనీ బట్టలు కంపెనీయే ఉతకాలట గద. మీరు ఉతకలే, నేను ఉతికిన. పెండ్లైన కాంచి మీ ఫ్యాక్టరీ బందయ్యేదాక ఉతికిన,” అంది. దగ్గొచ్చింది. ఆగింది. జ్ఞానదాసు నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. తాగి, సీసా ఆయన చేతికే తిరిగి ఇచ్చింది.

“చూడే,” అన్నాడు ఆయన చిన్నగా. “మందిల గొడవెందుకు? పెట్టరాదూ. అన్నీ మనయే గద.”

యేసమ్మ ఆయన వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, ఊపిరి తక్కువైనందువల్ల ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది.

“ఇంటి పట్టా నీ పేరు మీదున్నది. కరెంటు మీటరు నీ పేరు మీదున్నది. గ్యాసు నీ పేరు మీదున్నది. ఎన్నడన్న అడిగిన్నా? నా పేరు మీదున్నది ఈ జబ్బొక్కటే. దీన్ని గూడ నీ పేరు మీద రాసుకుంటానంటే ఎట్ల ఇస్త?”

జ్ఞానదాసు కాగితం వైపు చూశాడు, తన సంతకం వైపు చూశాడు, పెన్ను బల్ల మీద పెట్టాడు. అధికారి ఆ కాగితం పక్కన పెట్టి తర్వాతి పేరు పిలిచాడు.

“యాదయ్య.”

యాదయ్య ముందుకు అడుగు వేశాడు. గోడవార నుంచి ఈరమ్మ గొంతు వినిపించింది.

“ఏమయ్యో, జర ఆగు. ముందుగాల నాకు గూడ ఛాతి ఫోటో తీపియ్యి.”